‘పర్ల్’ ఒక ముక్కా, రెండు ముక్కలా?

ప్రశ్న: హైదరాబాద్ కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. ఆమెకు 31 ఏళ్లు. భర్త పరిశోధన పని మీద ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఉన్నారు. తానూ అక్కడికి వెళ్లేలోపు డెల్ఫ్ బీ1 (ఫ్రెంచ్ భాషా సామర్థ్య పరీక్షలో మధ్య స్థాయి) పాసవ్వాలని ఆమె పట్టుదల. పరీక్షకు ఇక రెండు నెలలే ఉంది. ఏడాదిగా తమ వీధిలోనే ఉన్న ఒక పెద్దావిడ దగ్గర ఫ్రెంచ్ నేర్చుకుంటున్నారు. ఆ మేడమ్ ప్రతి క్రియా రూపాన్నీ నోటు పుస్తకంలో గీతలు పెట్టించి సిలబుల్స్‌గా విడదీయిస్తారు, చివరి ముక్క కింద గీత గీయించి ‘ఊనిక ఇక్కడ’ అని రాయిస్తారు. ఈ మధ్య పుదుచ్చేరికి చెందిన ఒక టీచర్ ఆన్‌లైన్ క్లాసుల్లో కూడా ఆమె చేరారు. ఆయన ఆ నోటు పుస్తకం చూసి, ‘వాళ్లు మాట్లాడతారు’ అనే రూపంలో ఉన్నది ఒక్కటే సిలబుల్, రెండు కావు, అసలు క్రియకు సొంత ఊనికే లేదు అన్నారట. నమూనా మౌఖిక పరీక్షలో ఈమె ‘ఇల్ పర్-లాఁ’ అని చివర ఒత్తి పలికితే ఎదుటివారు మూడుసార్లు ‘పర్దోఁ?’ (ఏమన్నారు?) అని అడిగారు. ఆ రాత్రంతా నిద్ర పట్టలేదని రాశారు. పైగా పదో తరగతిలో సీబీఎస్‌ఈ ఫ్రెంచ్ చదువుతున్న అక్క కూతురికి ఈమే పాఠాలు చెబుతారు. ‘కొనడం’ అనే క్రియలో ఆ పిల్ల గుర్తు పెట్టాల్సిన చోట పెట్టక, పెట్టకూడని చోట పెట్టి మార్కులు పోగొట్టుకుంది. ‘నా వల్లే పిల్ల దెబ్బతింటోందా? ఇద్దరిలో ఎవరిని నమ్మాలి? పెద్దావిడ దగ్గర మానేస్తే బాధపడతారు. అసలు తెలుగు నాలుకకు ఇది పట్టుబడదా?’ అని అడుగుతున్నారు.

సమాధానం:

ముందుగా మీ గుండె బరువు కొంత దింపనివ్వండి. విభజన విషయంలో మీ ఇద్దరు టీచర్లలో ఎవరూ తప్పు చెప్పలేదు. ఇద్దరూ రెండు వేర్వేరు వస్తువులను విడదీస్తున్నారు, రెండింటికీ సిలబుల్ అన్న పేరే ఉంది. మేడమ్ విడదీసేది కాగితం మీది మాటను. ఆన్‌లైన్ టీచర్ విడదీసేది చెవికి వినిపించే మాటను. ఫ్రెంచ్‌లో ఈ రెండింటికీ మధ్య దూరం ఎక్కువ, క్రియల్లో అయితే మరీ ఎక్కువ. మీకు జరిగిందల్లా ఒకటే: మేడమ్ చెప్పిన కాగితం విభజన మీద, చెవికి సంబంధించిన ఊనిక సూత్రం వచ్చి పడింది. ‘చివరి ముక్క మీద ఊనిక’ అన్న సూత్రం నిజమే, కానీ అది వినిపించే ముక్కలకు చెందినది. కాగితం మీది చివరి ముక్క చాలాసార్లు అసలు వినిపించదు. వినిపించని దాన్ని ఒత్తబోయి మీరు దానికి ప్రాణం పోశారు. అందుకే ఎదుటివారికి అర్థం కాలేదు.

ఈ జవాబులో ఫ్రెంచ్ మాటలను తెలుగు లిపిలో రాస్తాను. చిన్న గీత ఉన్నచోట సిలబుల్ తెగుతుంది. అరసున్న ఉంటే ముక్కుతో పలికే అచ్చు. ‘ఏ’ అంటే నోరు కాస్త మూసి పలికేది, ‘ఎ’ అంటే తెరిచి పలికేది. స్పెల్లింగు గురించి చెప్పేటప్పుడు అక్షరాలకు ఇంగ్లిష్ పేర్లే వాడతాను: మూగ ‘ఈ’ అంటే e అక్షరం, ‘ఏ-ఐ’ అంటే a, i. ఆ మూగ ‘ఈ’ని పలికిన చోట ‘అ’తో రాస్తాను. ఫ్రెంచ్‌లోని రెండు రకాల ‘జ’లను ఇక్కడ ఒకే అక్షరంతో రాస్తున్నాను, వాటి తేడా మీ టీచర్ దగ్గర వినే నేర్చుకోవాలి.

కాగితం మీది లెక్క ఇలా ఉంటుంది. రెండు అచ్చుల మధ్య ఒకే హల్లు ఉంటే అది తర్వాతి ముక్కతో పోతుంది. రెండు హల్లులు ఉంటే మధ్యలో తెగుతుంది. రెండో హల్లు ‘ఆర్’ గానీ ‘ఎల్’ గానీ అయి, మొదటిది క, గ, ప, బ, త, ద, ఫ, వ లాంటి ధ్వని అయితే మాత్రం రెండూ కలిసే తర్వాతి ముక్కకు వెళ్తాయి. సీ-హెచ్, పీ-హెచ్, జీ-ఎన్ లాంటి జంటలను ఎప్పుడూ విడదీయరు, అవి రెండక్షరాలుగా కనిపించే ఒక్క ధ్వని. జంట హల్లు ఉంటే కాగితం మీద రెండుగా చీలుతుంది. ‘పిలవడం’ అనే క్రియలో రెండు ‘పీ’లు ఉంటాయి కాబట్టి కాగితం మీద అప్-ప-లే, మూడు ముక్కలు. ‘మాట్లాడతాడు’ అనే రూపంలో చివరి ‘ఈ’ పలకకపోయినా కాగితం లెక్కలో దానికీ ఒక ముక్క ఉంది, దాన్ని మూగ సిలబుల్ అంటారు. మీ మేడమ్ నేర్పుతున్నది ఈ లెక్కే. లైను చివర మాట విరిచి రాయడానికి ఇది కావాలి, డిక్టేషన్‌కు పనికొస్తుంది. పాత ఫ్రెంచ్ పద్యాలు చదవడానికి తప్పనిసరి. పన్నెండు సిలబుల్స్ ఉండే అలెగ్జాండ్రిన్ పాదంలో, హల్లు ముందు వచ్చిన మూగ ‘ఈ’ లెక్కలోకి వస్తుంది. మామూలు మాటలో ఒక్క సిలబుల్‌గా వినిపించే ‘వాళ్లు మాట్లాడతారు’ క్రియ, పద్యం నడుమ రెండవుతుంది. పాటల్లోనూ అంతే, మూగ ‘ఈ’ మీద ఒక స్వరం పలికించడం మామూలే. లైను చివర విరిచేటప్పుడు కూడా ఒక్క అక్షరాన్ని ఒంటరిగా వదలరు, మూగ ముక్కను విడిగా కింద లైనుకు పంపరు. ఇది అక్క కూతురికి కూడా చెప్పండి.

ఇక చెవి లెక్క. ఇక్కడ ప్రాణమంతా అచ్చులో ఉంది. ఎన్ని అచ్చులు వినిపిస్తే అన్ని సిలబుల్స్, అంతకు ఒక్కటి ఎక్కువ లేదు. ‘మాట్లాడటం’ క్రియ వర్తమానంలో ఆరు రూపాలు చూడండి. నేను, నువ్వు, అతను, వాళ్లు: ఈ నాలుగింటికీ స్పెల్లింగులో మూడు రకాల తోకలున్నా నోట వచ్చేది ఒక్కటే, ‘పర్ల్’. అచ్చు ఒకటే, సిలబుల్ ఒకటే. మనం, మీరు రూపాలకే రెండు: పర్-లోఁ, పర్-లే. అంటే ఆరు రూపాల్లో నాలుగు ఒకే ముక్క. ‘ముగించడం’ క్రియలో ‘వాళ్లు’ రూపం కాగితం మీద మూడు ముక్కలు, నోట రెండే: ఫి-నిస్. ‘పిలవడం’ కాగితం మీద మూడు, నోట రెండు: అ-ప్లే. జంట ‘పీ’ ఒక్క ‘ప’ అయిపోయింది, మధ్య మూగ ‘ఈ’ కరిగిపోయింది. ‘కొనడం’ కాగితం మీద అ-ష-తే, నోట అష్-తే.

మీ మూడు ‘పర్దోఁ’లకు కారణమైన ఈ-ఎన్-టీ తోక సంగతి కాస్త వివరంగా చెప్పాలి. క్రియకు బహువచన ప్రథమ పురుషలో అది వస్తే పూర్తిగా మూగ. అదే మూడక్షరాలు నామవాచకం, విశేషణం, క్రియా విశేషణం చివర వస్తే ‘ఆఁ’ అని నిండుగా పలుకుతాయి. అధ్యక్షుడు అన్న మాట ప్రే-జి-దాఁ, మూడు సిలబుల్స్. ‘వాళ్లు అధ్యక్షత వహిస్తారు’ అన్న క్రియ సరిగ్గా అదే స్పెల్లింగు, కానీ పలికేది ప్రే-జిద్, రెండే. మీరు ‘పర్-లాఁ’ అన్నప్పుడు ఎదుటివారి చెవి అక్కడ క్రియను వెతకలేదు, ఏదో పేరు విన్నట్టు ఆగిపోయింది. దీనికి ఇంకో తోక ఉంది: ఏ-ఐ-ఈ-ఎన్-టీ, గతంలో అలవాటుగా జరిగిన పనికి వాడే రూపం. అందులో ఈ-ఎన్-టీ మూగే, కానీ ముందున్న ఏ-ఐ మాత్రం ‘ఎ’ అని పలుకుతుంది. కాబట్టి ‘వాళ్లు మాట్లాడేవారు’ అంటే పర్-లె, రెండు సిలబుల్స్. ఒక అక్షర జంట ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఒకటి రెండవుతుంది. పరీక్షలో కాలం తేడా తెలిసేది దాంతోనే.

ఊనిక గురించి మీ ఆన్‌లైన్ టీచర్ అన్న మాట మీకు మరీ కఠినంగా వినిపించి ఉంటుంది, కానీ ఆయన చెప్పింది నిజం. ఇంగ్లిష్‌లో ప్రతి పెద్ద మాటకూ తన ఊనిక తనకుంటుంది, వాక్యంలో ఎక్కడ పెట్టినా వెంట తెచ్చుకుంటుంది. ఫ్రెంచ్‌లో ఊనిక మాటది కాదు, ఒక్క ఊపిరిలో పలికే మాటల గుంపుది. గుంపులో చివర వినిపించే సిలబుల్ మీద పడుతుంది. ‘ఇ-ల-రివ్’ అంటే అతను వస్తాడు, ఊనిక ‘రివ్’ మీద. దానికి ‘రేపు’ కలిపితే ఇ-ల-రివ్-ద-మెఁ, ఇప్పుడు ఊనిక ‘మెఁ’ మీదికి వెళ్లిపోయింది, ‘రివ్’ మామూలు ముక్క అయిపోయింది. ‘రాడు’ అని చెప్పేటప్పుడు చివర వచ్చే ‘ప’ అనే నిషేధ పదానికే ఊనిక, క్రియకు కాదు. అందుకే నోటు పుస్తకంలో ఒంటరి క్రియ కింద మీరు గీసిన గీత, ఆ క్రియ వాక్యంలోకి వెళ్లిన మరుక్షణం అబద్ధమవుతుంది.

ఊనిక అంటే గట్టిగా అరవడం కూడా కాదు. ఫ్రెంచ్‌లో అది ముఖ్యంగా నిడివి. చివరి సిలబుల్‌ను మిగతావాటికంటే స్పష్టంగా ఎక్కువసేపు నిలపాలి. గొంతు బలం పెంచక్కర్లేదు. వాక్యం పూర్తయితే స్వరం కిందికి, ఇంకా మాట మిగిలి ఉంటే పైకి. ముందున్న సిలబుల్స్ అన్నీ సమానంగా, పూర్తి అచ్చులతో నడవాలి, మింగేయకూడదు. ఈ ఒక్క విషయంలో తెలుగువారికి పుట్టుకతో వచ్చిన మేలు ఉంది. మనం ప్రతి అచ్చుకూ న్యాయం చేసి పలుకుతాం. ఇంగ్లిష్ మీడియం అలవాటు దాన్ని పాడుచేయకుండా చూసుకుంటే చాలు.

వినిపించే సిలబుల్ మీదే ఊనిక కాబట్టి మూగ ‘ఈ’ మీద అది పడదు, దానికి ముఖ్యమైన మినహాయింపు ఒకటి ఉంది. ఆజ్ఞలో క్రియ వెనక ‘ల’ అనే సర్వనామం వచ్చి గుంపు అక్కడే ఆగితే ఆ ‘ల’యే ఊనిక మోస్తుంది: దొన్-ల, ‘దాన్ని ఇవ్వు’. దాని వెనక ‘నాకు’ కలిస్తే ఊనిక మళ్లీ చివరికి, ‘మ్వా’ మీదికి పోతుంది. భావావేశంలో మాట మొదటి ముక్కను ఒత్తడం కూడా ఫ్రెంచ్‌వారు చేస్తారు, కానీ అది చివరి ఊనికను తీసేయదు, దానికి తోడుగా వస్తుంది. ఈ దశలో మీరు దాని జోలికి పోవద్దు.

మాటల మధ్య గోడలు కూడా ఈ లెక్కలో కూలిపోతాయి. ముందు మాట హల్లుతో ముగిసి తర్వాతిది అచ్చుతో మొదలైతే ఆ హల్లు అవతలి ముక్కలో చేరుతుంది. పైన ‘ఇల్’లోని ‘ల్’ వెళ్లి ‘ల’ అయింది చూశారు కదా. బహువచనంలో అయితే మామూలుగా పలకని ‘ఎస్’ బయటికొస్తుంది: ఇల్-జ-రివ్, వాళ్లు వస్తారు. ఏకవచనానికీ బహువచనానికీ తేడా ఆ ఒక్క ‘జ’లోనే ఉంది, క్రియలో ఏమీ లేదు. ‘వాళ్లకు ఉంది’, ‘వాళ్లు ఉన్నారు’ అనే రెంటికీ తేడా కూడా ‘ఇల్-జోఁ’, ‘ఇల్-సోఁ’ అన్న ఒక్క హల్లే. సర్వనామాన్నీ క్రియనూ విడివిడిగా పలికే అలవాటు ఉంటే ఈ తేడా ఎప్పటికీ పట్టుబడదు. విభజన సాధన చేసేటప్పుడు క్రియను ఒంటరిగా తీసుకోకండి, సర్వనామంతో కలిపే తీసుకోండి.

ఇప్పుడు అక్క కూతురి సంగతి. నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది ఇదే, ఎందుకంటే సిలబుల్ తెగే చోటు తెలిస్తే స్పెల్లింగు దానంతటదే వచ్చే క్రియలు సరిగ్గా ఇవే. ‘కొనడం’ క్రియ నడుమనున్న ‘ఈ’ తర్వాత, నిజంగా అచ్చు వినిపించే సిలబుల్ ఉంటే గుర్తు అక్కర్లేదు: మనం కొంటాం, నూ-జష్-తోఁ. తర్వాతి ముక్కలో మూగ ‘ఈ’ ఉంటే, ఆ నడిమి ‘ఈ’ ఒక హల్లుతో మూసుకుపోయిన సిలబుల్‌లో పడుతుంది, అక్కడ అది మూగగా ఉండలేక తెరిచిన ‘ఎ’ అవుతుంది, దాని మీద అక్సాఁ గ్రావ్ (è మీద ఉన్నట్టు ఎడమ నుంచి కుడికి కిందికి వాలే గీత) పెట్టాలి: జ-షెత్, నేను కొంటాను. అంటే నేను, నువ్వు, అతను, వాళ్లు రూపాల్లో గుర్తు ఉంటుంది, మనం, మీరు రూపాల్లో ఉండదు. పిల్ల సరిగ్గా తిరగేసి రాసింది. కారణం తెలియక ఆరు రూపాలూ బట్టీ పట్టింది కాబట్టే తిరగబడింది.

‘పిలవడం’, ‘విసరడం’ క్రియల్లో ఇదే పని గుర్తుతో కాక జంట హల్లుతో జరుగుతుంది: నేను పిలుస్తాను అన్నచోట రెండు ‘ఎల్’లు, మనం పిలుస్తాం అన్నచోట ఒక్కటి. ‘ఆశించడం’ లాంటి క్రియల్లో మొదటి నుంచీ అక్సాఁతేగ్యు (é మీద ఉన్నట్టు దానికి ఎదురు వైపు వాలే గీత) ఉంటుంది, మూసుకున్న సిలబుల్‌లోకి రాగానే అది గ్రావ్‌గా తిరుగుతుంది: ఎస్-పే-రే నుంచి జెస్-పెర్.

ఇక్కడ ఒక జాగ్రత్త. కొందరు దీన్ని ‘ఊనిక పడితే గుర్తు పెట్టు’ అని నేర్పుతారు. వర్తమానంలో ఆ సూత్రం పనిచేస్తుంది, భవిష్యత్తులో ముంచుతుంది. ‘నేను కొంటాను’ను రేపటికి మార్చితే జ-షెత్-రే. ఊనిక ‘రే’ మీద ఉంది, అయినా ‘షెత్’ మీద గుర్తు అలాగే ఉంటుంది. కారణం ఊనిక కాదు, సిలబుల్ మూసుకోవడం. పిల్లకు సూత్రాన్ని ఈ మాటల్లోనే చెప్పండి: తర్వాతి ముక్క మూగదా? అయితే ఇక్కడ గుర్తు, లేదా జంట హల్లు.

‘ఆశించడం’ భవిష్యత్తులో మాత్రం పాత స్పెల్లింగు అక్సాఁతేగ్యునే ఉంచుతుంది, పలుకుబడిలో ‘పెర్’ అని తెరుచుకున్నా సరే. 1990 డిసెంబర్ 6న ఫ్రాన్స్ అధికార పత్రికలో అచ్చయిన సంస్కరణలు అక్కడ గ్రావ్‌ను అనుమతించాయి. ‘పిలవడం’, ‘విసరడం’ కుటుంబాలు తప్ప, ఈ-ఎల్-ఈ-ఆర్, ఈ-టీ-ఈ-ఆర్ తోకల క్రియలన్నీ జంట హల్లు మాని గ్రావ్ తీసుకోవచ్చని కూడా అవే చెప్పాయి. పాత రూపం, కొత్త రూపం రెండూ చెల్లుతాయి. మీరు డెల్ఫ్‌లో ఏది రాసినా ఫర్వాలేదు, ఒకటి పట్టుకుని చివరిదాకా దానిలోనే ఉండండి. స్కూలు పిల్ల మాత్రం తన పాఠ్యపుస్తకంలో ఉన్నదే రాయాలి. దిద్దేవారి చేతిలో ఉండేది ఆ పుస్తకమే.

‘రావడం’, ‘తాగడం’, ‘చనిపోవడం’ లాంటి క్రియలు ఎందుకలా వంకర్లు తిరుగుతాయో కూడా దీనితోనే విప్పవచ్చు. లాటిన్‌లో ఏకవచన రూపాల్లోనూ, ‘వాళ్లు’ రూపంలోనూ ఊనిక ధాతువు మీద పడేది, మనం, మీరు రూపాల్లో ప్రత్యయం మీద పడేది. ఊనిక పడ్డ అచ్చు ఒక దారిలో మారింది, పడనిది ఇంకో దారిలో పోయింది. అందుకే అతను వస్తాడు అంటే వ్యెఁ, మనం వస్తాం అంటే వ-నోఁ, మళ్లీ వాళ్లు వస్తారు అంటే వ్యెన్. వీటిలో మొదటి, చివరి రూపాలను జాగ్రత్తగా వినండి: ఏకవచనంలో సిలబుల్ ముక్కు అచ్చుతో తెరిచి ఉంది, బహువచనంలో ‘న్’తో మూసుకుంది, ముక్కు ధ్వని పోయింది. మీ పరీక్షకుడు ‘ఒకరా, చాలామందా’ అని తేల్చుకునేది దానితోనే.

మూగ ‘ఈ’ ఎప్పుడు కరుగుతుంది, ఎప్పుడు నిలుస్తుంది అనేది మిమ్మల్ని తికమక పెడుతున్నట్టుంది. మూడు హల్లులు ఒకదాని మీద ఒకటి పడే ప్రమాదం ఉంటే నిలుస్తుంది, లేకపోతే మామూలు మాటలో కరుగుతుంది. ‘మనం ఇస్తాం’ భవిష్యత్తులో దొన్-రోఁ, రెండే. ‘మనం మాట్లాడతాం’ భవిష్యత్తులో పర్-ల-రోఁ, మూడు. ర, ల, ర ఒకచోట పలకలేరు కాబట్టి మధ్య ‘అ’ ఉండిపోయింది. ‘ఇచ్చేవాళ్లం’ అనే షరతు రూపంలో ‘ర్య’ వస్తుంది, అక్కడ కూడా కరగదు: దొ-న-ర్యోఁ, మూడు. అలాగే ప్రత్యయంలోని ‘ఐ’ అక్షరం మామూలుగా ‘య’గా మారి ఒకే ముక్కలో కలుస్తుంది, పర్-ల్యోఁ లాగా. దాని ముందు ‘ద్ర’, ‘త్ర’, ‘వ్ర’ లాంటివి ఉంటే కలవదు: ‘మేం కోరుకుంటున్నాం’ అని మర్యాదగా అడిగే రూపం వూ-ద్రి-యోఁ, మూడు నిండు సిలబుల్స్. మౌఖిక పరీక్షలో ఈ మర్యాద రూపం తప్పకుండా వాడతారు, ముందే నోటికి పట్టించండి.

తెలుగు నాలుక గురించి అడిగారు. రెండు చిక్కులున్నాయి. మొదటిది, మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి హల్లు చివర తెలియకుండానే ‘ఉ’ చేరుస్తాం. ‘పర్ల్’ కాస్తా ‘పర్లు’ అవుతుంది. వినేవారికి కొత్త సిలబుల్ పుట్టింది, చివర ఉంది కాబట్టి ఊనిక దాని మీదికే పోయింది. ‘ల్’ పలికి నాలుకను పళ్ల వెనకే కాసేపు అంటించి ఉంచండి, వదిలేటప్పుడు గొంతు మోగకూడదు. రెండోది, జంట హల్లు కనిపిస్తే మనం నిజంగా ఒత్తి పలుకుతాం. ‘అప్పు’, ‘అత్త’ అనే అలవాటు అది. ఫ్రెంచ్ క్రియల్లో అది అక్కర్లేదు. ‘పరిగెత్తడం’, ‘చనిపోవడం’, ‘సంపాదించడం’ కుటుంబాల్లో మాత్రం కావాలి: ‘పరిగెత్తేవాడు’ కూ-రె, ‘పరిగెత్తుతాడేమో’ అనే షరతు రూపం కూర్-రె. జంట ‘ఆర్’ ఒత్తకపోతే రెండూ ఒకటైపోతాయి. ఇది ఇంగ్లిష్ మాత్రమే తెలిసినవారికి కష్టం, మనకు సులువు.

విభజనకు కూడా మీ దగ్గర ఒక పనిముట్టు ఉంది. ఛందస్సులో సంయుక్తాక్షరం ముందున్న అక్షరం గురువు అని చదువుకున్నాం కదా. ‘ధర్మం’లో ‘ధ’ గురువు, ఎందుకంటే ‘ర్’ దాన్ని మూస్తోంది. ఫ్రెంచ్ ‘పర్-లే’ సరిగ్గా అలాగే తెగుతుంది, తెలుగు లిపిలో రాసినట్టు ‘ప-ర్లే’ అని కాదు. ప, బ, త, ద, క, గ, ఫ, వల కింద ర వత్తు గానీ ల వత్తు గానీ ఉంటే మాత్రం ఛందస్సును పక్కనపెట్టి లిపిలో రాసినట్టే విడదీయాలి: ‘తెరవడం’ ఊ-వ్రీర్. ‘పుత్ర’లో ‘పు’ మనకు గురువే, ఫ్రెంచ్‌వారికి అది పు-త్ర.

ఇప్పుడు మీ ముందున్న దారులు. కాగితం విభజన పూర్తిగా మానేసి చెవి లెక్కకే మారిపోవచ్చు. రెండు వారాల్లో మాట తేలికపడుతుంది, విన్నది అర్థం కావడం ఇంకా త్వరగా మెరుగవుతుంది, ఎందుకంటే మూడు ముక్కల కోసం ఎదురుచూస్తూ రెండు వినే పరిస్థితి పోతుంది. కానీ వినిపించని అక్షరాలు రాతలో రాలిపోతాయి. బీ1లో రాతకు కూడా మాట్లాడటానికి ఉన్నట్టే 25 మార్కులు, ప్రతి విభాగంలో కనీసం 5 రావాలి, మొత్తం 100కు కనీసం 50 రావాలి. మేడమ్ పద్ధతిలోనే కొనసాగి ఈ-ఎన్-టీ ఒక్కటి సరిదిద్దుకోవడం ఇంకో దారి. రాత గట్టిగా ఉంటుంది, కానీ దాదాపు 15 నిమిషాల మౌఖికంలో ప్రతి రూపాన్నీ మనసులో కాగితం మీద రాసుకుని చదివినట్టు మాట్లాడతారు, మాట మాటకూ తడుముకుంటారు.

నేనైతే రెంటినీ ఒకే పేజీలో ఉంచమంటాను, కాకపోతే హద్దు పెట్టి. రెండు నెలల్లో అన్ని క్రియలూ కుదరవు. తరచుగా వాడే 25 క్రియలు ఎంచుకోండి. ఒక్కోదానికి రెండు వరుసలు: పైన స్పెల్లింగు, మేడమ్ పద్ధతిలో గీతలతో. కింద సర్వనామంతో కలిపి వినిపించే ముక్కలు, తెలుగు లిపిలోనైనా సరే, పక్కన సిలబుల్స్ సంఖ్య. పలకని అక్షరాలను పై వరుసలో పెన్సిల్‌తో కొట్టేయండి. ఊనిక గీత ఈ రెండు వరుసల్లో ఎక్కడా వద్దు. ఒక్కో క్రియతో ఒక పూర్తి వాక్యం రాసి, దాని చివరి వినిపించే సిలబుల్ కింద మాత్రమే గీయండి. రోజుకు రెండు క్రియలు చాలు.

పలికేటప్పుడు వెనక నుంచి కట్టుకుంటూ రండి: ముందు ‘లోఁ’, తర్వాత ‘పర్-లోఁ’, ఆపైన ‘నూ-పర్-లోఁ’. ఇలా చేస్తే చివరి ముక్క నిడివి చెక్కుచెదరదు. ఒక్కో ముక్కకు టేబుల్ మీద వేలితో ఒక దరువు వేయండి, చివరి దరువు దగ్గర వేలు ఎత్తకుండా కాసేపు ఆపండి. ఫోన్‌లో రికార్డు చేసి మర్నాడు వినండి, అదే రోజు కాదు. అదే రోజు వింటే చెవి తాను అనుకున్నదే వింటుంది. దరువులు కింది వరుసలో రాసిన సంఖ్యకంటే ఎక్కువైతే ఎక్కడో ‘ఉ’ చేరింది లేదా మూగ ‘ఈ’ లేచింది. ఏదో వెతికి ఆ ఒక్కదాన్నే దిద్దుకోండి.

మేడమ్ దగ్గర మానేయాల్సిన అవసరం నాకు కనబడలేదు. ‘మీరు నేర్పిన విభజన రాతకు చాలా పనికొస్తోంది మేడమ్, మౌఖికం కోసం కింద ఇంకో వరుస రాసుకుంటున్నాను, ఒకసారి చూస్తారా’ అని అడిగి చూడండి. ఏడాదిగా మీకోసం శ్రమ పడ్డావిడ ఆ వరుస చూడటానికి ఒప్పుకునే అవకాశమే ఎక్కువ. ఒప్పుకోకపోతే రాత, వ్యాకరణం ఆవిడ దగ్గర, మాట ఆన్‌లైన్‌లో అని పంచుకోండి. ఇద్దరి ముందూ రెండో వారి తప్పులు ఎంచకండి. నెలకు రెండు ఫీజులు భారమైతే, పరీక్ష దాకా ఆన్‌లైన్ క్లాసునే ఉంచుకోవడం మేలు. ఇప్పుడు మీకు తక్కువగా ఉన్నది మాట్లాడే సాధనే.

అక్క కూతురికి పాఠాలు ఆపకండి. ఈ వారం ఆ పిల్లతో ‘కొనడం’, ‘పిలవడం’, ‘విసరడం’, ‘ఆశించడం’ నాలుగే క్రియలు, వర్తమానం, భవిష్యత్తు రెండే కాలాలు రాయించండి. ప్రతి రూపం రాసే ముందు నోటితో పలికించి, తర్వాతి ముక్క మూగదా కాదా అని అడగండి. జవాబు చెప్పాకే పెన్ను కదలాలి. తప్పు రాస్తే సరైన రూపాన్ని మీరు చెప్పేయకుండా మళ్లీ పలికించండి.